గుండె సీటీలో 'బ్రిడ్జింగ్' అని వస్తే: ఆ మాట వెనక ఉండాల్సిన కొలతలు

క్లుప్తంగా: గుండెకు రక్తం అందించే కరోనరీ ధమని కొంతమేర కండరంలోకి దిగి మళ్లీ పైకి తేలడాన్ని మయోకార్డియల్ బ్రిడ్జింగ్ అంటారు. ఇది పుట్టుకతో వచ్చే అమరిక. చాలామందిని జీవితాంతం ఏ బాధా పెట్టదు. మామూలు యాంజియోగ్రామ్‌లో కనబడని బ్రిడ్జిలు కూడా సీటీ కరోనరీ యాంజియోగ్రఫీలో బయటపడతాయి. పొడవు, లోతు, దానికి ముందు పేరుకున్న పూడిక అందులో తెలుస్తాయి. ఆ నొక్కుడు వల్ల కండరానికి రక్తం చాలడం లేదా అన్నది మాత్రం మామూలు సీటీ ఒక్కటే తేల్చలేదు. రిపోర్టులో కనిపించే నొక్కుడు శాతాన్ని కొవ్వు అడ్డంకి శాతంగా చదవకూడదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఛాతీ నొప్పి వచ్చినవారి తిరుగుడు చాలావరకు ఒకే దారిలో సాగుతుంది. దగ్గర్లో ఈసీజీ, పట్నంలో ఎకో, ట్రెడ్‌మిల్, అక్కడా తేలకపోతే విశాఖలో సీటీ యాంజియో. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఉన్న రిపోర్టులో "మిడ్ ఎల్‌ఏడీలో మయోకార్డియల్ బ్రిడ్జింగ్" అన్న ఒక్క వరుస ఉంటే ఇంట్లో దానికి మూడు అర్థాలు పుడతాయి. బైపాస్ చెయ్యాలన్నారని ఒకరు, నరం మూసుకుపోయిందని మరొకరు, గుండెలో ఏదో పెరిగిందని ఇంకొకరు. మూడూ తప్పే. అయితే తప్పంతా చదివినవాళ్లదే అనలేం. కొలతలు లేకుండా ఆ ఒక్క వరుస రాసి వదిలేస్తే, దాన్నిబట్టి వైద్యుడు కూడా పెద్దగా ఏమీ చెప్పలేడు.

వంతెన ఏది, దాని కింద పోయేది ఏది

కరోనరీ ధమనులు సాధారణంగా గుండె పైతలం మీద, కొవ్వు పొరలో ఇమిడి సాగుతాయి. వాటి నుంచి చీలిన చిన్న కొమ్మలే కండరంలోకి దిగుతాయి. కొందరిలో ప్రధాన ధమనే ఒకచోట కండరం కిందికి దూరి, ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల దూరం లోపలే నడిచి, మళ్లీ కొవ్వులోకి వస్తుంది. పైన కప్పిన కండరపు పట్టీ 'బ్రిడ్జి'. కింద దాగిన ధమని ముక్క 'సొరంగ భాగం'. మనం వంతెన అనగానే దానిమీద నడిచే దారిని ఊహించుకుంటాం. ఇక్కడ దారి కింద ఉంది, పైన ఉన్నది మూత. పేరులోనే ఉన్న ఈ తిరకాసు సగం గందరగోళానికి మూలం.

అత్యధిక శాతం బ్రిడ్జిలు గుండె ముందు భాగంలో కిందికి దిగే ఎడమ ధమని మధ్య భాగంలోనే ఉంటాయి. రిపోర్టుల్లో 'ఎల్‌ఏడీ' అని రాసేది దీన్నే. ఎడమ జఠరికలో ముందు గోడకు, రెండు జఠరికల మధ్య గోడలో ఎక్కువ భాగానికి రక్తం ఇచ్చేది ఈ ధమనే కాబట్టి, ఇక్కడ చిన్న మార్పు కనబడినా వైద్యులు పట్టించుకుంటారు.

యాంజియోలో దొరకనిది సీటీలో ఎందుకు దొరుకుతుంది

శవపరీక్షలో ఈ అమరికను రైమన్ 1737లోనే గుర్తించాడు. 1951లో గైరింగర్ దీనిమీద వివరమైన పరిశీలన చేశాడు. బతికున్న మనిషిలో, యాంజియోగ్రఫీ ద్వారా, 1960లో మొదటిసారి చూశారు. ఏ పరీక్షతో వెతికితే ఆ సంఖ్య వస్తుందన్నది ఇందులో విశేషం. ఎన్నో అధ్యయనాల లెక్కలు కలిపి చూస్తే శవపరీక్షల్లో నూటికి నలభై మందికి దగ్గరగా, సీటీలో ఇరవై మందికి పైగా, క్యాథెటర్ యాంజియోలో (సన్నటి గొట్టాన్ని ధమనిలోకి పంపి చేసే మామూలు యాంజియోగ్రామ్) ఆరుగురు దాకా తేలారు.

ఈ తేడాకు కారణం పరీక్షల స్వభావంలోనే ఉంది. క్యాథెటర్ యాంజియో ధమని లోపల పారే మందును, అంటే చిత్రంలో కనబడేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ ద్రవాన్ని మాత్రమే చూపిస్తుంది, చుట్టూ కండరం ఉందో కొవ్వు ఉందో దానికి తెలియదు. గుండె ముడుచుకున్నప్పుడు ధమని సన్నబడి, విప్పారినప్పుడు మామూలైతే, ఆ పిండుడునుబట్టి పైన కండరం ఉందని ఊహించాలి. పలచటి పట్టీ ఉండి అంతగా నొక్కకపోతే యాంజియోలో ఏమీ కనబడదు. సీటీ అడ్డకోతలో ధమని, కొవ్వు, కండరం మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. కొవ్వు నల్లగా, కండరం బూడిద రంగులో, మందు నిండిన ధమని తెల్లగా ఉంటాయి. తెల్లటి చుక్క చుట్టూ నల్లటి వలయం మాయమై బూడిద రంగు చుట్టుకున్నచోట బ్రిడ్జి మొదలైనట్టు.

సీటీలు పెరిగేకొద్దీ బ్రిడ్జి ఉన్నవాళ్లు పెరిగినట్టు కనిపిస్తున్నది అందుకే. జబ్బు పెరగలేదు, చూపు పెరిగింది.

పిండినప్పుడు ఏం జరుగుతుంది

పొలానికి నీళ్లు పెట్టే గొట్టం మీదుగా ట్రాక్టర్ చక్రం పోతే ఆ క్షణం నీరు ఆగుతుంది. బ్రిడ్జి కింద ధమని పరిస్థితి ఇలాగే ఉంటుందనిపిస్తుంది. అదే నిజమైతే బ్రిడ్జి ఉన్న ప్రతి ఒక్కరికీ నొప్పి రావాలి. ఎందుకు రాదంటే, ఎడమ జఠరిక కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె విశ్రమించే దశలో, అంటే డయాస్టోల్‌లో. ముడుచుకునే దశలో, అంటే సిస్టోల్‌లో, బ్రిడ్జి లేనివాళ్లలోనూ ఆ ప్రవాహం తక్కువే. అంటే చక్రం గొట్టం మీద ఉండేది మోటారు దాదాపు ఆగి ఉన్న సమయంలోనే.

చిక్కు ఎక్కడంటే, నొక్కుడు సిస్టోల్‌తో పూర్తిగా వదిలిపోదు. లోతైన బ్రిడ్జిల్లో ధమని మళ్లీ విచ్చుకోవడానికి డయాస్టోల్ మొదట్లో కొంత సమయం పడుతుంది. గుండె నిదానంగా కొట్టుకుంటుంటే ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. వేగం పెరిగితే వస్తుంది. ఉజ్జాయింపు లెక్క ఇలా ఉంటుంది.

నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో చక్రం 1000 మిల్లీసెకన్లు. అందులో డయాస్టోల్ దాదాపు 650. నిమిషం మొత్తానికి 39 సెకన్లు. 120 సార్లు కొట్టుకుంటే చక్రం 500 మిల్లీసెకన్లకు తగ్గుతుంది, డయాస్టోల్ 250 దగ్గర ఉంటుంది, నిమిషానికి 30 సెకన్లు. విచ్చుకోవడంలో ఆలస్యం ప్రతిసారీ 100 మిల్లీసెకన్లు అనుకుంటే మొదటి సందర్భంలో 39 సెకన్లలో 6 పోతాయి, రెండో సందర్భంలో 30లో 12 పోతాయి. కండరానికి రక్తం ఎక్కువ కావలసింది కూడా ఆ రెండో సందర్భంలోనే. విశ్రాంతిలో ఏమీ లేనివాళ్లకు మెట్లెక్కినప్పుడో, జీడిపిక్కల బస్తా ఎత్తినప్పుడో, వల లాగినప్పుడో నొప్పి రావడానికి ఒక వివరణ ఇది. జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం వంటివి గుండె వేగాన్ని పెంచి ఇదే పని చేస్తాయి.

వంతెనకు ముందు పూడిక

సొరంగ భాగంలో కొవ్వు పూడిక దాదాపుగా ఉండదు. దానికి కాస్త పైన, ధమని కండరంలోకి దిగబోయే ముందు మాత్రం ఎక్కువగా పేరుకుంటుంది. సొరంగంలో రక్తం గోడను ఒరుసుకుంటూ వేగంగా పోతుంది. ఆ ఒరిపిడి లోపలి పొరను ఒక రకంగా కాపాడుతుంది. ముందు భాగంలో మాత్రం ప్రతి నొక్కుడుకూ ప్రవాహం తడబడి సుడి తిరుగుతుంది, గోడ మీద ఒరిపిడి తగ్గుతుంది, అలాంటి చోటే కొవ్వు దిగుతుంది.

రిపోర్టు చదివేటప్పుడు దీని విలువ ఎక్కువ. సీటీలో బ్రిడ్జితోపాటు దానికి ముందు 50 శాతం పూడిక కనబడితే, ఛాతీ నొప్పికి మొదట అనుమానించాల్సింది పూడికనే. బ్రిడ్జి అన్న కొత్త మాట కంటపడగానే దృష్టంతా దానిమీదికి పోయి, పక్కనున్న అసలు జబ్బు వెనకబడే ప్రమాదం ఉంది. పొగ తాగేవారు, షుగరు, బీపీ ఉన్నవారి విషయంలో ఇది మరీ ముఖ్యం.

స్కాన్ ముందురోజు నుంచే మొదలయ్యే పని

బ్రిడ్జిని సరిగా కొలవాలంటే గుండె వేగం 60 దగ్గర, ఎక్కువలో ఎక్కువ 65 లోపు ఉండడం మంచిది. ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖకు దూరం రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. తెల్లవారుజామున రైలెక్కి, ఖాళీ కడుపు అన్నారు కదా అని నీళ్లు కూడా మానేసి, బీపీ మాత్ర ఆపేసి, నిద్ర ఆగడానికి స్టేషన్లో రెండు టీలు తాగి వచ్చే మనిషి గుండె 90 మీద కొట్టుకుంటూ ఉంటుంది. ఇందులో మూడు తప్పులున్నాయి. మానాల్సింది గట్టి ఆహారం, అదీ మూడు నాలుగు గంటలే. నీళ్లు బాగా తాగాలి. టీ, కాఫీ ముందురోజు రాత్రి నుంచే వద్దు. రోజూ వాడే బీపీ, గుండె మాత్రలు వైద్యుడు ప్రత్యేకంగా ఆపమంటే తప్ప వేసుకోవాలి. అందులో గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ ఉంటే మరీనూ.

వేగం ఎక్కువగా ఉంటే సాధారణంగా మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ 50 నుంచి 100 మిల్లీగ్రాములు గంట ముందు నోటి ద్వారా ఇస్తారు. ఉబ్బసం ఉన్నా, బీపీ బాగా తక్కువగా ఉన్నా, గుండెలో విద్యుత్ ప్రసారంలో అడ్డంకి ఉన్నా ఇది పనికిరాదు. ఉబ్బసం ఉన్నవారికి ఐవాబ్రాడిన్ వంటి ప్రత్యామ్నాయం చూస్తారు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన అంశం ఒకటుంది. స్కాన్‌కు వాడే మందులో అయోడిన్ ఉంటుంది, అది బయటకు పోయేది మూత్రపిండాల ద్వారానే. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానంలో కారణం ఇంకా తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉంది. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తుంది. చాలాకాలం లక్షణాలు బయటపడవు. మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. అందువల్ల మూత్రపరీక్ష బాగుందని, షుగరు లేదని, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా స్కాన్‌కు పంపడం ఇక్కడ సరిపడదు.

క్రియాటినిన్ సంఖ్య ఒక్కటే చూసినా మోసపోవచ్చు. 1.5 అన్న అంకె 28 ఏళ్ల యువకుడిలో కిడ్నీల వడపోత సామర్థ్యం 65 దాకా ఉన్నట్టు చెబుతుంది. అదే 1.5 అరవై ఏళ్ల మహిళలో 40కి పడిపోయినట్టు లెక్క. ల్యాబ్ కాగితంలో ఈజీఎఫ్‌ఆర్ అని రాసే ఈ అంకె 30 కంటే తక్కువైతే స్కాన్ నిజంగా అవసరమా అని ఆలోచించి, అవసరమైతే సెలైన్ ఎక్కించి, మందు మోతాదు తగ్గించి చేస్తారు. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఈ అంకె 30 లోపుంటే ఆ మాత్రను స్కాన్ నాటి నుంచి 48 గంటలు ఆపి, క్రియాటినిన్ మళ్లీ చూశాకే మొదలుపెడతారు.

స్కాన్ గదిలో

మోచేతి మడతలో, వీలైతే కుడిచేతికి, 18 గేజ్ ఆకుపచ్చ క్యాన్యులా గానీ 20 గేజ్ గులాబీ రంగుది గానీ పెడతారు. మందు సెకనుకు 5 మిల్లీలీటర్ల వేగంతో పోవాలి. అరచేతి వెనక పెట్టిన నీలం రంగు సన్నటి సూది ఆ ఒత్తిడికి తట్టుకోదు, చర్మం కింద మందు లీకైతే చెయ్యి వాస్తుంది. మొత్తం 60 నుంచి 80 మిల్లీలీటర్ల మందు, వెనకే 40 నుంచి 50 మిల్లీలీటర్ల సెలైన్.

మందు పోతున్నప్పుడు ఒళ్లంతా వేడెక్కి, మూత్రం వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఈ మాట ముందే చెప్పకపోతే మనిషి ఉలిక్కిపడతాడు, గుండె వేగం పెరుగుతుంది, బిగపట్టిన ఊపిరి వదిలేస్తాడు. యంత్రంలోంచి వచ్చే రికార్డు గొంతు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో తెలియక తడబడే పెద్దవాళ్లు ఉంటారు. టెక్నీషియన్ ముందుగా రెండుసార్లు తెలుగులో సాధన చేయించడం ఆ రోజుకు జరిగే అతి చవకైన మేలు. ఊపిరి మామూలుగా పీల్చి ఆపితే చాలు. పొట్ట బిగించి ముక్కితే మందు కలవని రక్తం కింది సిర నుంచి ఎక్కువగా వచ్చి చిత్రం వెలవెలబోతుంది.

బ్రిడ్జి కోసం చేసే స్కాన్‌లో అసలు నిర్ణయం ఈసీజీతో జతపరచే పద్ధతి దగ్గర ఉంటుంది. పూడిక మాత్రమే చూడాలంటే డయాస్టోల్‌లో, అంటే గుండె చక్రంలో 70 నుంచి 75 శాతం దగ్గర, ఒక్క క్షణం చిత్రం చాలు. దీన్ని ప్రాస్పెక్టివ్ పద్ధతి అంటారు. రేడియేషన్ తక్కువ, సుమారు 2 నుంచి 5 మిల్లీసీవర్టులు. ఈ ఒక్క చిత్రంలో బ్రిడ్జి ఉందని, ఎంత లోతో తెలుస్తుంది. ఎంత నొక్కుతోందో తెలియదు, ఎందుకంటే నొక్కే క్షణాన్ని అసలు చిత్రించలేదు. అది కావాలంటే 30 నుంచి 45 శాతం మధ్యనున్న సిస్టోల్ చివరి భాగం కూడా కావాలి. అందుకు కిరణాల కిటికీని 30 నుంచి 80 శాతం దాకా వెడల్పు చెయ్యాలి, లేదా చక్రమంతా చిత్రించే రెట్రోస్పెక్టివ్ పద్ధతికి పోవాలి. రెండోదానిలో రేడియేషన్ 8 నుంచి 15 మిల్లీసీవర్టుల దాకా పోవచ్చు. కాబట్టి రిఫర్ చేసే వైద్యుడు చీటీ మీద "బ్రిడ్జింగ్ అనుమానం, సిస్టోల్ దశ కూడా కావాలి" అని రాయడం అవసరం. స్కాన్ అయిపోయాక అడిగితే లేని దశను ఎవరూ తీసివ్వలేరు.

నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర, లేదా నైట్రోగ్లిజరిన్ స్ప్రే, స్కాన్‌కు కొద్ది నిమిషాల ముందు ఇస్తారు. ధమనులు విప్పారి స్పష్టంగా కనబడడం కోసం. బ్రిడ్జి విషయంలో దీనికో పక్కఫలితం ఉంది. అటూ ఇటూ ఉన్న మామూలు భాగాలు విప్పారడంతో మధ్యలో నొక్కుకుపోయిన భాగం ఇంకా సన్నగా కనిపిస్తుంది. నైట్రేట్ ఇచ్చారా లేదా అన్నది రిపోర్టులో ఉంటే తర్వాత పోల్చుకోవడానికి వీలుంటుంది. అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్ జాతి మాత్రలు వేసుకున్నవారు మొహమాటపడకుండా ముందే చెప్పాలి. రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

రిపోర్టులో ఉండాల్సిన కొలతలు

మొదటిది స్థానం: ఏ ధమని, దాని మొదలు నుంచి సొరంగం ఎంత దూరంలో మొదలైంది. రెండోది పొడవు. దీన్ని ధమని వంపు వెంబడి, సాగదీసి పరిచినట్టు తీసే చిత్రంలో కొలుస్తారు. మూడోది లోతు: ధమని పైగోడ నుంచి కండరం పైఅంచు దాకా, అత్యంత మందంగా ఉన్నచోట, ధమనికి అడ్డంగా కోసిన చిత్రంలో. చాలాచోట్ల 2 మి.మీ. లోపుంటే పైపైది అని, ఆపైన లోతైనది అని విభజిస్తారు. కొందరు 1 మి.మీ. దగ్గరే గీత గీస్తారు. అందుకే 'సూపర్‌ఫిషియల్', 'డీప్' అన్న మాటలకంటే మి.మీ.లో అంకె మేలు. ధమని కండరపు గాడిలో దిగి, పైన పలచటి పొర మాత్రమే కప్పిన సందర్భాలూ ఉంటాయి. వాటిని అసంపూర్ణ బ్రిడ్జి అని వేరుగా చెప్పాలి.

నాలుగోది నొక్కుడు శాతం. దీని దగ్గరే అపార్థం ఎక్కువ. ఒక ఉదాహరణ: డయాస్టోల్‌లో వ్యాసం 2.4 మి.మీ., సిస్టోల్‌లో 1.5 మి.మీ. వ్యాసం ప్రకారం తగ్గుదల 38 శాతం. అదే రంధ్రపు వైశాల్యం ప్రకారం చూస్తే 4.5 నుంచి 1.8 చదరపు మి.మీ.కు పడింది, అంటే 61 శాతం. ధమని అదే, నొక్కుడు అదే, కాగితం మీద రెండు అంకెలు. ఏది కొలిచారో రాయకపోతే ఒక కేంద్రంలో 38, ఆరునెలల తర్వాత మరోచోట 61 చూసిన కుటుంబం జబ్బు ముదిరిందనుకుంటుంది. పైగా ఈ శాతం క్షణకాలపు మార్పును చెబుతుంది. కొవ్వు పూడిక ప్రవాహం ఎక్కువగా ఉండే డయాస్టోల్‌లోనూ కదలకుండా అక్కడే ఉంటుంది. 60 శాతం నొక్కుడునూ 60 శాతం బ్లాకునూ ఒకే తూకంలో వెయ్యకూడదు.

వీటితోపాటు బ్రిడ్జికి ముందున్న పూడిక, సొరంగ భాగంలో చీలి మధ్యగోడలోకి పోయే సెప్టల్ కొమ్మలు, గోడ మందం కూడా చూడాలి. గుండె కండరం అసాధారణంగా మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలో బ్రిడ్జిలు ఎక్కువగా కనిపిస్తాయి. మధ్యగోడ 15 మి.మీ. దాటితే కథ వేరే దారిలో పోతుంది.

ఎక్కడ తప్పుతుంది

మొట్టమొదటి శత్రువు కదలిక. యంత్రం 0.35 సెకన్లలో ఒక చుట్టు తిరిగితే ఒక్కో చిత్రానికి దాదాపు 175 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు ట్యూబులుండే యంత్రాల్లో ఇది 70 దగ్గరికి దిగుతుంది. సిస్టోల్ చివర గుండె నిలకడగా ఉండే సమయం తక్కువ. 64 స్లైసుల పాత యంత్రంలో, గుండె 85 వేగంతో కొట్టుకుంటుండగా తీసిన సిస్టోల్ చిత్రంలో ధమని అంచు అలుక్కుపోతుంది. అలుక్కుపోయిన అంచును కొలిచి నొక్కుడు 70 శాతం అని రాస్తే ఆ అంకెకు విలువ లేదు.

రెండోది పిక్సెల్ పరిమాణం. చిత్రాన్ని ఛాతీ మొత్తానికి, అంటే 350 మి.మీ. వెడల్పుకు తయారుచేస్తే ఒక్కో పిక్సెల్ 0.68 మి.మీ. గుండె వరకే, 180 మి.మీ.కు కుదిస్తే 0.35. రెండున్నర మి.మీ. ధమనిని కొలిచేటప్పుడు అంచు ఒక్క పిక్సెల్ అటూ ఇటూ అయితే మొదటి సందర్భంలో పావువంతుకు పైగా తేడా వస్తుంది. 512 గడుల చిత్రానికి ఇది మారని లెక్క. ముడి డేటా యంత్రంలో ఉండగా ఎప్పుడైనా కుదించి మళ్లీ తయారుచేయవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత ఆ డేటా చెరిపేస్తే ఆ అవకాశం పోతుంది.

ఇక మెట్టు మెట్టుగా విరిగిన చిత్రం. గుండె లయ తప్పినప్పుడు, ఊపిరి వదిలినప్పుడు పక్కపక్క పొరలు అతకవు. ఆ విరుపు దగ్గర ధమని అకస్మాత్తుగా పక్కకు జరిగి, కండరంలోకి దిగినట్టే కనిపిస్తుంది. ఊపిరి వల్లైతే పక్కనున్న పక్కటెముకలో, ఛాతీ ఎముకలో కూడా అదే మెట్టు ఉంటుంది; లయ తప్పడం వల్లైతే ఎముక మామూలుగా ఉండి, గుండె అంచులోనే మెట్టు కనిపిస్తుంది. సన్నగా ఉండి, గుండెమీద కొవ్వు తక్కువగా ఉన్నవాళ్లలో ఇంకో ఇబ్బంది: కొవ్వు వలయం పలచగా ఉండడంతో ధమని కండరాన్ని ఆనుకొని పోతున్నా లోపల ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఒకే కోణంలో చూసి తేల్చకుండా ధమనికి అడ్డంగా పొర పొరా పరిశీలించాలి. చిత్రం నలుపు తెలుపుల అమరికను కండరానికి తగ్గట్టు మార్చుకోవాలి.

సీటీ చెప్పలేనిది

అమరిక ఒకటి, దాని ఫలితం ఒకటి. 3 మి.మీ. లోతు, 25 మి.మీ. పొడవు ఉన్న బ్రిడ్జితో ఏ నొప్పీ లేకుండా జీడితోటలో పని చేసుకునేవారు ఉండవచ్చు. అంతకంటే చిన్నదానితో నడిస్తే నొప్పి వచ్చేవారూ ఉండవచ్చు. కండరానికి రక్తం తగ్గుతోందని రుజువు కావాలంటే గుండెకు శ్రమ కల్పించి చూడాలి. స్ట్రెస్ ఎకోలో మధ్యగోడ సిస్టోల్ చివర క్షణకాలం వంగినట్టై, గుండె కొన మాత్రం మామూలుగా కదలడం బ్రిడ్జికి ఒక సూచన. న్యూక్లియర్ స్కాన్‌లు రక్తప్రసారాన్ని చూపిస్తాయి.

క్యాథ్ ల్యాబ్‌లో సన్నటి తీగతో ధమని లోపలి ఒత్తిడి కొలిచేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. పూడిక తీవ్రత తేల్చడానికి, అడెనోసిన్ మందుతో రక్తనాళాలను విప్పార్చి కొలిచే పద్ధతి చక్రమంతటి సగటు ఒత్తిడిని తీసుకుంటుంది. బ్రిడ్జిలో సిస్టోల్ ఒత్తిడి ఆ సగటును తారుమారు చేసి, జబ్బు తక్కువగా ఉన్నట్టు చూపవచ్చు. అందుకే డోబుటమిన్‌తో గుండెను వేగంగా కొట్టించి, డయాస్టోల్‌లో మాత్రమే కొలవడం మెరుగని నిపుణులు అంటారు. సీటీ డేటా నుంచే కంప్యూటరు ప్రవాహాన్ని లెక్కగట్టే ఎఫ్‌ఎఫ్‌ఆర్‌సీటీ పద్ధతి ఉంది. సాధారణంగా అది ఒకే దశలోని ధమని ఆకారాన్ని ఆధారం చేసుకుంటుంది కాబట్టి క్షణక్షణం మారే నొక్కుడు విషయంలో దాన్ని పూర్తిగా నమ్మలేం.

కొలతలతో చికిత్సలో మారేది

లక్షణాలు లేకుండా యాదృచ్ఛికంగా తేలిన బ్రిడ్జికి చికిత్స అక్కర్లేదు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ సంగతి చూసుకుంటే చాలు. లక్షణాలుంటే మొదటి మందు బీటా బ్లాకర్. వేగం తగ్గించి డయాస్టోల్‌ను పొడిగించడమే దాని పని, పైన వేసిన లెక్కకు ఎదురు లెక్క. అది పడనివారికి డిల్టియాజెమ్, వెరాపమిల్ వాడతారు.

సార్బిట్రేట్ విషయం విడిగా చెప్పుకోవాలి. నొప్పి రాగానే నాలుక కింద పెట్టుకొమ్మని జేబులో ఉంచే ఈ మాత్ర పూడిక వల్ల వచ్చే నొప్పికి పనిచేస్తుంది. పూడిక లేని బ్రిడ్జిలో అదే మాత్ర గుండె వేగాన్ని పెంచి, నొక్కుడును ఎక్కువ చేసి, నొప్పిని పెంచవచ్చు. మాత్ర పెట్టుకున్నాక నొప్పి పెరిగిందని ఎవరైనా చెబితే కొట్టిపారెయ్యకుండా వైద్యుడికి చెప్పాల్సిన ఆనవాలు అది. పూడిక కూడా ఉన్నవారు మాత్రం దాన్ని సొంతంగా మానకూడదు.

స్టెంటు వంతెన కింద సరిపడదు. నిమిషానికి డెబ్బైసార్లు నలిగే చోట లోహపు జాలీ విరగవచ్చు, లోపల మళ్లీ మూసుకుపోవచ్చు, వేసేటప్పుడే ధమని చిరగవచ్చు. ఇక్కడ సీటీ కొలత నేరుగా పనికొస్తుంది: బ్రిడ్జికి ముందున్న పూడికకు స్టెంటు వెయ్యాల్సి వస్తే దాని చివర సొరంగంలోకి చొరబడకుండా ఎక్కడ ఆపాలో ఆ దూరాన్నిబట్టి నిర్ణయిస్తారు. మందులకు లొంగని కొద్దిమందిలో పైకండరాన్ని కోసి ధమనిని విడిపించే శస్త్రచికిత్స చేస్తారు. మరీ లోతుగా, పొడవుగా ఉంటే కోసేటప్పుడు కుడి జఠరిక గోడకు చిల్లుపడే ప్రమాదం ఉంది కాబట్టి బైపాస్ వైపు మొగ్గే సర్జన్లూ ఉన్నారు. బైపాస్‌కున్న లోపం ఏమిటంటే, డయాస్టోల్‌లో అసలు ధమని బాగానే పారుతుంది. ఆ పోటీలో కొత్త నాళం వాడుక లేక సన్నబడి మూసుకుపోవచ్చు.

పూడికలకు బైపాస్ చేసేటప్పుడు కూడా ఇదే సమాచారం అక్కరకొస్తుంది. కొవ్వు తీసి చూస్తే ఎల్‌ఏడీ కనబడకపోతే సర్జన్ వెతుక్కోవాలి. ఎక్కడ దిగింది, ఎక్కడ తేలింది ముందే తెలిస్తే ఆ వెతుకులాట తప్పుతుంది. అందుకు నెగెటివ్‌లా ముద్రించిన పెద్ద ఫిల్ములు సరిపోవు, వాటిమీద మళ్లీ కొలవడం కుదరదు. శ్రీకాకుళం నుంచి రెండో అభిప్రాయానికి వెళ్లేవారు స్కాన్ కేంద్రం నుంచి సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ తీసుకోవాలి. అందులో 0.6 మి.మీ. దగ్గరి పలచటి పొరల పూర్తి డేటా, డయాస్టోల్‌ది ఒకటి, సిస్టోల్‌ది ఒకటి ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే అడిగి చూసుకోవాలి.